ముందుగా పాఠశాల

రంగస్థలముపై నర్తించువాని కాలము మిక్కిలి స్వల్పమైనది. గాయకుడు 60 ఏండ్లు దాటినను పాడగలడు. చిత్రకారుడు చేయి వణకునంతవఱకు కుంచె పట్టగలడు. నర్తకునకో, 40 ఏండ్లు వచ్చుసరికే మోకాళ్లు బరువెక్కును, ఎగురుట తగ్గును. అట్టివాడు తాను ఆడుట మాని ఇతరులకు నేర్ప మొదలిడినపుడు లోకులు “పాపము, వీని పని ముగిసినది” అని జాలిపడుదురు. ఉపాధ్యాయవృత్తిని గూర్చియు కొందఱి తలంపు ఇట్టిదే. తాను చేయలేనివాడే ఇతరులకు బోధించునని వారి మతము. ఈ మాట సరికాదని నా యభిప్రాయము. ఇతరులచేత చేయించుట వేఱొక విద్య. దాని ఫలము దీర్ఘకాలము నిలుచును. జార్జి బాలన్‌షీను అను నృత్యరచయిత చరిత్రము ఇందులకు చక్కని నిదర్శనము.

బాలే యనునది పాశ్చాత్యదేశములలో వృద్ధినొందిన నాట్యము. అందు కథయైనను, భావమైనను, మాటల తోడ్పాటు లేక సంగీతముచేతను అంగవిన్యాసముచేతను తెలియవచ్చును. ఏ పాత్ర యెచ్చట నిలువవలెనో, ఏ స్వరమునకు ఏ యడుగు వేయవలెనో కల్పించువాడు నృత్యరచయిత. పద్యమునకు కవి యెట్టివాడో, నృత్యమునకు ఇతడట్టివాడు.

బాలన్‌షీను 1904వ సంవత్సరమున రష్యాలోని సెంటు పీటర్సుబర్గు నగరమున జన్మించెను. తండ్రి జార్జియా దేశీయుడు, సంగీతకర్త. ఇంటివారు బాలుని నౌకాసైన్య విద్యాలయమున చేర్పదలచిరి. అందు చోటు దొరకలేదు. 1913లో అతని సోదరిని నృత్యపాఠశాల ప్రవేశపరీక్షకు గొనిపోయినపుడు పరీక్షకులు ఈ బాలునిగూడ పరీక్షించి, ఇతనినే చేర్చుకొనిరి. తాను కోరని చదువగుటచే బాలుడు మొదట పాఱిపోయెను. పెద్దలు మరల తెచ్చి దింపిరి. 1917 నాటి విప్లవము పిమ్మట ఆకలియు చలియు ఆ నగరమును పీడించినవి. ఆ దినములలో ఇతడు చలనచిత్రశాలలో పియానో వాయించి యాహారము సంపాదించుకొనెను. 1921లో నృత్యవిద్య ముగించి, అంతతో తృప్తినొందక సంగీత విద్యాలయమున చేరెను. సంగీతమును చదివి గ్రహింపగలిగిన ఈ శక్తియే తరువాత అతని నృత్యరచనకు పునాది యయ్యెను.

1924లో అతడు స్వదేశమును విడిచి, దియాగిలెవు అను రష్యను ప్రముఖుడు పశ్చిమ యూరోపులో నడుపుచున్న నృత్యబృందమున చేరెను. కొలదికాలమునకే మోకాలికి దెబ్బ తగిలి, నర్తకుడుగా అతని యాశలు సన్నగిల్లెను. మఱియొకడైన నిరాశచే క్రుంగిపోయెడివాడే. బాలన్‌షీను మాత్రము నృత్యరచనయందే తన శక్తిని నిలిపెను. 1928లో స్ట్రవిన్‌స్కీ సంగీతమునకు “అపోలో” అను నృత్యమును కల్పించునాటికి అతని వయస్సు 24 ఏండ్లు. మఱుసటి యేడు తప్పిపోయిన కుమారుని యుపమానమును నృత్యముగా రచించెను. దాని చివర కుమారుడు మోకాళ్లపై ప్రాకుచు తండ్రిని చేరును. తండ్రి యతనిని తన వస్త్రమున పొదువుకొనును. మనమెన్నియో మారులు వినిన యా కథ అందు ఒక్క మాటయైన లేక కన్నుల యెదుట నిలుచును.

1929లో దియాగిలెవు మరణింపగా బృందము చెదరిపోయెను. బాలన్‌షీనునకు క్షయరోగము సోకెను. స్థిరమైన కొలువు లేక యుండగా, 1933లో లింకన్ కిర్‌స్టీను అను 26 ఏండ్ల అమెరికా యువకుడు అతనిని తన దేశమునకు ఆహ్వానించెను. అమెరికాకు స్వంతమైన యొక గొప్ప నృత్యబృందము కావలెనని కిర్‌స్టీను కోరిక. అందులకు బాలన్‌షీను సమ్మతించి, ముందుగా ఒక పాఠశాల కావలెనని నియమము పెట్టెను. ఆ ప్రకారము 1934 జనవరిలో న్యూయార్కు నగరమున పాఠశాల తెఱవబడెను. పేరు కొఱకు ఆత్రపడువాడు ఈ మాట యనడు. శిక్షణ పొందిన నర్తకులను విలుచుకొని తెచ్చి మఱునాడే ప్రదర్శన మీయవచ్చును. వారు పోయిన నాడు బృందమును పోవును. ఊట లేని బావిలో నీరు పోసి నింపినంత మాత్రమున బావి యగునా?

ఆ యేడే అతడు చైకొవ్‌స్కీ సంగీతమునకు “సెరినేడ్” అను నృత్యమును తన విద్యార్థులకై రచించెను. తొలినాటి సాయంకాలము 17 మంది బాలికలు వచ్చిరి; ఆ 17 మందికే తగినట్లు వరుసలు కూర్చెను. మఱియొకనాడు 9 మందియే వచ్చిరి. ఆ భాగమును 9 మందికే కల్పించెను. ఒక బాలిక యాలస్యముగ వచ్చెను. ఆ రాకను నృత్యమున చేర్చెను. ఒకతె జాఱిపడి యేడ్చెను. ఆ పాటునుగూడ చేర్చెను. ఇది నన్ను మిక్కిలి యాకర్షించిన విషయము. తగిన విద్యార్థులు లేరని వగచుట సులభము. ఉన్నవారితో, వారి లోపములతో సహా, అందమైనదానిని నిర్మించుటయే గురువు నేర్పు. నేటికిని లోకమందలి పెక్కు బృందములు ఈ నృత్యమును ప్రదర్శించుచున్నవి.

కిర్‌స్టీను కోరిన స్థిరమైన బృందము వెంటనే సిద్ధింపలేదు. నడుమ పుట్టిన బృందములు నిలువలేదు. పాఠశాల మాత్రము నిలిచెను. 1948లో న్యూయార్కు సిటీ బాలే యను సంస్థ యేర్పడెను. 1957లో బాలన్‌షీను “అగోన్” అను నృత్యమునందు తన పాఠశాలలో చదివిన ఆర్థర్ మిచెల్ అను నల్లజాతి యువకునకు తెల్లజాతి నర్తకిని జతగా నిలిపెను. అమెరికా దక్షిణ రాష్ట్రములలో ఆ రెండు జాతుల పిల్లలు ఒకే బడిలో కూర్చుండుటయే కలహకారణమైన కాలమది. 1968లో మార్టిన్ లూథర్ కింగు హత్యకు గుఱియైన పిమ్మట, మిచెల్ తాను పుట్టిన హార్లెమ్‌లో బాలబాలికలకు నృత్యము నేర్ప మొదలిడెను. 1969లో అచ్చట పాఠశాలతో గూడిన నృత్యసంస్థను స్థాపించెను. గురువు నేర్పిన పాఠము శిష్యునియందు ఇట్లు మొలకెత్తినది.

బాలన్‌షీనునందు దోషములు లేవని చెప్పరాదు. నర్తకీమణులు మిక్కిలి సన్నని దేహము గలవారై యుండవలెనని యతడు కోరుచుండెను. వారి వివాహములును అతనికి రుచింపకుండెను. ఆ కఠినత్వముచే బాధపడినవారు కలరు. గురువు మాటకు బల మెక్కువ. ఆ బలము విద్యార్థిని పెంచుటకే కాని, తనకు ఇష్టమైన యచ్చులో పోయుటకు కాదు. ఇతని నేర్పును గ్రహించువారు ఈ హెచ్చరికనుగూడ గ్రహింపవలెను.

1983లో బాలన్‌షీను మరణించెను. అతడు రచించిన నృత్యములు 400కు మించినవి. నృత్యము గ్రంథమువలె అలమారలో నిలుచునది కాదు. ఒకరి దేహమునుండి మఱియొకరి దేహమునకు నేర్పినగాని బ్రతుకదు. అతడు నర్తకుడుగానే యుండిన యెడల, ఆ గాయపడిన మోకాలితోడనే అతని కళయు ముగిసియుండెడిది. నేర్పినవాడు గనుకనే అది యింకను జీవించియున్నది. కావున విద్యార్థులారా, తరగతిలో మీకు తెలిసిన లెక్కను ప్రక్కవానికి బోధించుట కాలహరణమని తలంపకుడు. తలిదండ్రులారా, మీ బిడ్డ ఉపాధ్యాయుడు కాగోరినచో, ఇంతకంటె మంచి పని దొరకలేదా యని యడుగకుడు.