ఇల్లు కదలం, మారతాం

పదకొండేళ్ళుగా మా పక్కింట్లో ఉన్న మెక్సికో పెద్దావిడకు, మేము ఇల్లు మారుతున్న సంగతి ఆవిడ భాషలోనే చెప్పాలనుకున్నాను. ఇంగ్లీషు "మూవ్" మనసులో పెట్టుకుని "నోస్ మొవేమోస్" అన్నాను. "కదలడం మంచిదే, కూర్చుంటే కీళ్ళు పట్టేస్తాయి" అని నవ్వింది. తర్వాత మెల్లగా సరిదిద్దింది: "నోస్ ముదామోస్."

"మొవేర్సె" అంటే మామూలుగా కదలడం, మెదలడం. ఇంగ్లీషు ప్రభావం వల్ల అమెరికాలో కొందరు ఇంటి విషయంలోనూ వాడేస్తారు. ఉద్యోగరీత్యా వేరే ఊరు వెళ్తే "త్రస్లదార్సె" అనవచ్చు. కాపురం మారడానికి మాత్రం "ముదార్సె". దీని మూలం, "మార్చడం" అనే అర్థమున్న లాటిన్ క్రియ. బట్టలు మార్చుకోవడానికీ, పాము కుబుసం విడవడానికీ ఈ మాటే వాడతారు.

చిత్రమేమిటంటే, మనమూ "ఇల్లు మారాం" అనే అంటాం. తెలుగులో ఆలోచించి ఉంటే ఆ తప్పు దొర్లేదే కాదు!

సామాను లారీ కెక్కిన రోజు ఆవిడ గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంది. ఈసారి సరైన మాట తెలుసు, గొంతే పెగల్లేదు.

ఈ ఏడాది ఇల్లు మారిన సభ్యులందరికీ ఉగాది శుభాకాంక్షలు. పాత ఇరుగుపొరుగుకు ఒక్క ఫోను చెయ్యండి.