నమాజూ, తరాజూ

ఆరాధనకూ సత్ప్రవర్తనకూ ఇస్లాంలో ఉన్న సంబంధమేమిటన్న ప్రశ్న నాకు ఏ మదరసాలోనూ ఎదురుకాలేదు. అనంతపురం మెట్టలో, శనక్కాయల కాటా దగ్గర ఎదురైంది.

2018 ఖరీఫులో మా వైపు వానలు ముఖం చాటేశాయి. అసలే ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన చూసే సీమ. నైరుతి మేఘాలను పడమటి కనుమలు పిండుకొంటాయి, ఈశాన్య మేఘాలు మా దాకా వచ్చేసరికి వట్టిపోతాయి. ఊడలు దిగవలసిన వేళకు నేల బిగుసుకుపోయింది. ఊరి ముసల్మానులు బయలులో వాన నమాజుకు నిలబడ్డారు. నేను నమాజు విడిచి నలభై ఏళ్లు దాటింది. అయినా పుట్టిన ఊరు గనుక వెళ్లి గట్టుమీద కూర్చున్నాను. ముందు వరసలో ఒక వ్యాపారి ఉన్నాడు, పేరు అనవసరం. ఐదు పూటలా తప్పడు, హజ్జు చేసి వచ్చాడు. దువా చేస్తూ అతడు ఏడ్చిన ఏడుపు నటన కాదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఆ యేడు ఎండగా మిగిలిన నాలుగు మూటలు అతని కాటా ఎక్కినప్పుడు తేమ పేరుతో, మట్టి పేరుతో మూటకు రెండు కిలోలు తరుగు తీశాడు. నేలలో తేమ లేక పంట పోయిన యేడు, కాయలో తేమ ఉన్నదని తరుగు! విత్తనానికి అప్పిస్తాడు, పంట తనకే తన ధరకే వేయాలని కట్టడి చేస్తాడు. దానికి వడ్డీ అని పేరు పెట్టడు గనుక అతని మనస్సు నిర్మలంగా ఉన్నది.

ఈ సంగతి చెబితే నాకు రెండు జవాబులు వచ్చాయి. “నమాజు అల్లాకూ మనిషికీ మధ్య, వ్యాపారం మనిషికీ మనిషికీ మధ్య. రెండూ కలపరాదు” అన్నాడు ఒక పెద్దమనిషి. “మతమంటే అంతే గదా సార్, ఇందులో ఆశ్చర్యమేమున్నది?” అన్నాడు మన ఉపాధ్యాయ మిత్రుడొకడు. ఈ రెండు జవాబులూ ఒకటే. ఆరాధన ఒక గది, నడత వేరొక గది అని ఇద్దరూ ఒప్పుకొన్నారు. ఒకరు ఆ గోడకు సున్నం కొడతారు, రెండోవారు దాన్ని చూసి నవ్వుతారు. వ్యాపారికి మాత్రం ఇద్దరి వల్లా లాభమే.

అయితే ఆ గోడ గ్రంథంలో ఉన్నదా? మిత్రులు విప్పి చూడవచ్చును. అరబ్బీ రాదన్న సాకు మన జిల్లావాళ్లకు చెల్లదు. అనంతపురం దత్తమండల కళాశాలలో పనిచేసిన చిలుకూరి నారాయణరావుగారు ఖురానును ఏనాడో తెలుగు చేశారు. ముసల్మాను కాని పండితుడు చేసిన పనిని ముసల్మాను వర్తకుడూ చదవడు, హేతువాద విద్యార్థీ చదవడు!

మాఊన్ అనే చిన్న అధ్యాయం ఉన్నది, ఏడే వాక్యాలు. ధర్మాన్ని అబద్ధమనేవాడెవడని అది ప్రశ్న వేస్తుంది. జవాబుగా విగ్రహారాధకుణ్ణి చూపదు, అనాథను గెంటేవాణ్ణి చూపుతుంది. ఆ వెంటనే నమాజు చేసేవారికే శాపం పెడుతుంది. నలుగురూ చూడాలని చేసేవారికీ, ఇరుగుపొరుగుకు చిన్న అవసరపు వస్తువు కూడా ఇవ్వనివారికీ ఆ శాపం తగులుతుంది. ముతఫ్ఫిఫీన్ అనే అధ్యాయానికి ఆ పేరు తూకంలో మోసం చేసేవారిని బట్టే వచ్చింది. తాము తీసుకొనేటప్పుడు నిండుగా కొలుచుకొని, ఇచ్చేటప్పుడు తగ్గించేవాళ్లు వాళ్లు. అన్కబూత్ అధ్యాయంలో నమాజుకు ఒక పని అప్పగించారు. మనిషిని నీచమైన పనుల నుంచి అది ఆపాలి. ఆపకపోతే? అప్పుడు జరిగింది వంగడమూ లేవడమూ మాత్రమే.

హదీసులలో మదీనా బజారు కథ ఒకటి ఉన్నది. ప్రవక్త ఒక ధాన్యపు రాశిలోకి చేయి పోనిచ్చాడు. పైన ఎండుగా ఉన్నది, లోపల వేళ్లకు తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పుకొన్నాడు. తడిసినదాన్ని అందరికీ కనబడేటట్టు పైన పెట్టవలసింది గదా అని ప్రవక్త అడిగి, మోసం చేసేవాడు మావాడు కాడని తేల్చేశాడు. అక్కడ అమ్మేవాడు ఉన్న తేమను దాచాడు. ఇక్కడ కొనేవాడు లేని తేమను కనిపెట్టాడు. పదమూడు వందల ఏళ్లు పైగా గడిచినందుకు ఆ మాత్రం ప్రగతి ఉండవద్దా!

ఇంకొక హదీసు మన అప్పుల సీమకే చెప్పినట్లుంటుంది. దివాలా తీసినవాడెవడు? డబ్బూ సామానూ లేనివాడన్నారు శిష్యులు. కాదన్నాడు ప్రవక్త. తీర్పు దినాన నమాజులూ ఉపవాసాలూ జకాతూ మూటగట్టుకొని వచ్చి, ఒకరిని తిట్టినందుకు, ఒకరి సొమ్ము తిన్నందుకు, ఒకరిని కొట్టినందుకు ఆ పుణ్యమంతా బాధితులకు పంచిపెట్టి, అదీ చాలక వాళ్ల పాపాలు తన నెత్తిన వేసుకొనేవాడే దివాలాకోరు. అనగా ఆరాధన అక్కడ పరుల బాకీకి జప్తయ్యే ఆస్తి.

ఆనాటి వాన నమాజు సంగతే చూడండి. దానికి బయలుదేరేముందు జనం అన్యాయాలు మానాలనీ, ఒకరివద్ద లాక్కొన్న హక్కులు తిరిగి ఇచ్చివేయాలనీ శాస్త్రకారులు రాశారు. మా వైపు ముసల్మానులు ఎక్కువగా అనుసరించే ఇమాం అబూ హనీఫా వానకోసం సామూహిక నమాజుకన్నా క్షమాపణ వేడుకోవడానికే ప్రాధాన్యమిచ్చాడు. ఆయన స్వయంగా కూఫాలో పట్టుబట్టల వర్తకుడు. లోపమున్న బట్టను ఆ లోపం చెప్పకుండా భాగస్వామి అమ్మివేస్తే, వచ్చిన సొమ్మంతా దానం చేశాడని చెప్పుకొంటారు. వాన నమాజులో పైబట్టను తిరగవేసుకొనే ఆచారం ఉన్నది. దశ తిరగాలని దాని ఆశ. మా వ్యాపారి తన శాలువాను శ్రద్ధగా తిరగవేసుకొన్నాడు. ఖాతా పుస్తకాన్ని మాత్రం తిరగవేయలేదు.

మా అవ్వ దూదేకులామె. నమాజు ఆమెకు సగమే వచ్చు. మొహర్రంలో గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల దగ్గరికి, అన్ని కులాలవాళ్లతో కలిసి నిప్పులగుండం చూడటానికి పోయేది. ఉర్దూ ఇళ్లవాళ్లు ఆమెను సగం ముసల్మానుగానే లెక్కగట్టేవారు. పరుపులకు దూది తూచి అమ్మే ఇల్లు మాది. దూదిమీద నాలుగు నీళ్లు చిలకరిస్తే తూకం పెరుగుతుందని ఆ వృత్తిలో తెలియనివారు లేరు. 1952 కరువులో గంజి కేంద్రం ముందు గిన్నె పట్టుకొని నిలబడినప్పుడు కూడా ఆమె ఆ పని చేయలేదు. గ్రంథం పెట్టిన పరీక్షలో ఎవరు నిలిచారు?

ఇంతమాత్రాన ఖురాన్ సోషలిస్టు గ్రంథమని నేను అనడం లేదు. అట్లా అనే మిత్రులతోనూ నాకు పేచీ ఉన్నది. అది సొంత ఆస్తిని ఉంచింది, బానిసను విడిపించడం పుణ్యమన్నదే గాని బానిసత్వాన్ని రద్దు చేయలేదు. జకాతు నలభైలో ఒకవంతు. పంటమీద అయితే వానకు పండినదానిలో పదోవంతు, శ్రమపడి నీళ్లు తోడి పండించినదానిలో ఇరవయ్యోవంతు. శ్రమకు లెక్క కట్టిన ఆ చూపు మెచ్చదగిందే. కానీ రైతుకు కావలసింది రంజాన్‌లో వచ్చే జకాతు కాదు, కార్తీకంలో సరైన తూకం. రెండు కిలోలు కాటా దగ్గర తీసి, పావు కిలో మసీదు మెట్లమీద ఇచ్చే పద్ధతిని దానమనడం భాషకే అవమానం. ఆ వ్యాపారి ఒక్కడు మారితే మండీ మారదని కూడా నాకు తెలుసు. పక్క కాటా యజమాని శనివారం ఉపవాసముంటాడు, అతని తరుగూ రెండు కిలోలే.

కనుక మన మిత్రులతో నా తగవు ఇది. మార్క్స్ 1844లో అచ్చువేసిన వ్యాసంలో మతాన్ని మత్తుమందుతో పోల్చాడని అందరికీ కంఠస్థం. దాన్నే పీడితుని నిట్టూర్పు అని కూడా అన్నాడే, అది ఎవరికీ గుర్తురాదు. ఆ ముందు వరస వెనక ఆరేడు వరసలున్నాయి. వాటిలో ఉన్నది కూలీలూ, కౌలుదార్లూ, హమాలీలూ. వాళ్లకు మన కరపత్రంకన్నా మాఊన్ అధ్యాయం బాగా వచ్చు, అర్థం తెలియకుండా! ఆ అర్థం చెప్పే పనిని మనం వ్యాపారి చందాతో నడిచే మసీదు కమిటీకి వదిలేశాం. నమాజు మానుకోండని నేను వాళ్లకు చెప్పను. మీ నమాజు కాటా దగ్గర పూర్తికావాలని మీ గ్రంథమే అంటున్నది, అడగండి అని చెబుతాను.

ఒకసారి నేనే అడిగాను. మదీనా ధాన్యపు రాశి కథ ఆ వ్యాపారికి గుర్తుచేశాను. అతడు కోపగించుకోలేదు, నవ్వాడు. “మీరు నమాజు చెయ్యరు గదా సార్, హదీసులతో మీకెందుకు?” అన్నాడు. మూటలు మోస్తున్న హమాలీ ఒకడు విన్నాడు. సాయంత్రం టీ అంగడి దగ్గర నన్ను ఆపి, “ఆ తడి గింజల కథ ఇంకోమారు చెప్పన్నా” అన్నాడు. చెప్పాను. మరో ఇద్దరిని పిలుచుకొచ్చి మళ్లీ చెప్పించాడు. ఆ వారం తరుగు మాత్రం రెండు కిలోలే ఉన్నది.