రైతు బిడ్డకి తెలివి పెరగదట!

పోయిన శనివారం మా ఫ్లాట్‌లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ కొత్త ఆట మొదలుపెట్టాం. ఐదుగురం, అందరం కోడు రాసుకుని బతికేవాళ్ళమే. ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో: తలా ఒక పాత్ర తయారుచేసుకుంటాం, ఒకడు కథ నడిపిస్తాడు, కష్టమైన పని వస్తే ఇరవై ముఖాల పాచిక వేస్తాం. పాత్రకి బలం, చురుకు, ఒంటి గట్టిదనం, తెలివి, వివేకం, ఆకర్షణ అని ఆరు అంకెలుంటాయి. అంతే.

నేను రాసుకున్నది పొలం పనుల ఇంట్లో పుట్టి, చదువుకుని విజర్డ్ అయిన కుర్రాడి కథ. ఈ ఐడియా ఎక్కణ్ణించి వచ్చిందని అడక్కండి. మాది నల్లగొండ దగ్గర ఊరు, నాలుగెకరాల బత్తాయి తోట :)

2024లో వచ్చిన కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ తీశా. అందులో 16 బ్యాక్‌గ్రౌండ్లున్నాయి. నువ్వు ఎక్కణ్ణించి వచ్చావో దాన్నిబట్టి మూడు అంకెల్లోనే పెంచుకోవచ్చు. ఫార్మర్ అంటే బలం, గట్టిదనం, వివేకం. తెలివి లేదు! నోబుల్, అంటే దొరగారి కొడుక్కి, బలమూ తెలివీ ఆకర్షణా మూడూ ఉన్నాయి. దొరగారికి బలం ఎక్కణ్ణించి వచ్చిందో మాత్రం మా ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు.

లెక్క చూద్దాం. పాయింట్లతో కొనుక్కుంటే మొదట్లో తెలివి 15 దాటదు. పండితుడి ఇంట్లోంచి వచ్చినవాడు దానికి 2 కలిపి 17 చేసుకుంటాడు. రైతు కొడుకు 15 దగ్గరే ఆగుతాడు. మంత్రాన్ని తట్టుకోవడానికి శత్రువు వెయ్యాల్సిన అంకె వాడికి 13, వీడికి 12. తేడా ఒకటే కదా అంటారు. ఎంసెట్ రాసినవాళ్ళు చెప్పండి, ఒక్క మార్కు తేడా ఎంతో!

ఈ ఆట చరిత్రంతా ఈ గొడవే. 1974లో గైగాక్స్, ఆర్నెసన్ రాసిన మొదటి పుస్తకాల్లో మూడు పాచికలు వేసి వచ్చిన అంకెల్ని వరసగా రాసుకోవడమే. స్వేచ్ఛ సున్నా. కానీ పాచికకి మీ నాన్న ఏం చేస్తాడో తెలీదు, అందరికీ ఒకే అవకాశం. అన్యాయం ఆ తర్వాతే మొదలయ్యేది: హాఫ్లింగ్ ఫైటర్ నాలుగో లెవెల్ దాటడు, డ్వార్ఫ్ ఆరు దాటడు, మనిషికి హద్దు లేదు. 1978 హ్యాండ్‌బుక్‌లో డ్వార్ఫ్ మంత్రం నేర్వకూడదు, పాలడిన్ అంటే మనిషే కావాలి, ఆడపాత్ర బలానికి మగపాత్ర కన్నా తక్కువ హద్దు. 1981 బేసిక్ సెట్‌లో అయితే ఎల్ఫ్ అన్నదే ఒక వృత్తి. పుట్టుకే పని! విస్కాన్సిన్‌లో కూర్చుని మన ఊరి వాడలన్నీ చూసినట్టే రాశారు.

2000లో మూడో ఎడిషన్ వచ్చి ఎవరైనా ఏ పనైనా చెయ్యొచ్చంది. కానీ జాతిని బట్టి అంకెలు కలపడం, తీసేయడం పోలేదు. 2016లో కూడా ఒక పుస్తకంలో ఓర్క్‌కి తెలివిలో రెండు కోశారు. 2020లో ఆ కోత ఎత్తేశారు. అదే ఏడాది టాషాస్ కాల్డ్రన్ వచ్చి, పెరిగే అంకెల్ని ఎక్కడ కావాలంటే అక్కడ వేసుకోమంది. హమ్మయ్య అనుకున్నాం. నాలుగేళ్ళకి మళ్ళీ గేటు పెట్టారు. జాతి పేరు తీసి తండ్రి పని పేరు రాశారు, అంతే తేడా.

మా టేబుల్ మీద ఒక మిత్రుడు "వివేకం ఇచ్చారుగా, ఏడుస్తావేంది?" అన్నాడు. ఆ మాట చిన్నప్పట్నించీ వింటున్నా. పల్లెటూరివాళ్ళకి లోకజ్ఞానం ఉంటుందండీ, తెలివంటేనే... ఎండాకాలం బోరు సగం పోస్తుంటే ఏ సాలుకి ఎన్ని గంటలు, ఏ చెట్లని వదిలెయ్యాలి, నూటికి రెండు రూపాయల వడ్డీ మీద ఎన్ని నెలలు ఆగొచ్చు, ఇవన్నీ మా నాన్న నోటిలెక్కతో తేలుస్తాడు. మనం దానికి రిసోర్స్ ఆలొకేషన్ అని పేరుపెట్టి జీతం తీసుకుంటున్నాం. దేశమంతా డ్యాములకి మట్టి మోసిన పాలమూరు లేబర్‌కీ ఈ లెక్కన బలమే రాస్తారేమో. నిజాం ఇలాకాలో కవులే లేరని ఒకాయన అంటే, అదే పాలమూరు జిల్లా మనిషి సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చేసి చూపించాడు. హ్యాండ్‌బుక్ రాసినవాళ్ళకి ఒక కాపీ పంపాలి.

ఇంకో మిత్రుడి వాదన: హద్దులు లేకపోతే పాత్రలన్నీ ఒకేలా ఉంటాయి, మంత్రం రాకపోవడమే డ్వార్ఫ్‌కి అందం. ఇందులో కొంత నిజముంది, నేనూ ఒప్పుకుంటా. కానీ డిఫాల్ట్ వాల్యూ వేరు, హార్డ్‌కోడ్ వేరు. రైతు ఇంటివాడికి మామూలుగా బలం ఎక్కువ అని రాసుకో, నాకేం అభ్యంతరం లేదు. మార్చుకునే వీలు ఇవ్వకపోవడం దగ్గరే నా గొడవ. "పండితుడి బ్యాక్‌గ్రౌండ్ తీసుకుని, నాన్న రైతని కథలో చెప్పుకో" అన్న సలహా కూడా వచ్చింది. అంటే అప్లికేషన్‌లో తండ్రి వృత్తి దగ్గర అబద్ధం రాయమనా?

కథ నడిపేవాడు ఒప్పుకుంటే కొత్త బ్యాక్‌గ్రౌండ్ తయారుచేసుకోవచ్చని డంజన్ మాస్టర్స్ గైడ్‌లో ఉంది. చేసుకోవచ్చు, కానీ పర్మిషన్ అడగాలి. దొరగారి కొడుకు అడగక్కర్లేదు.

తమాషా ఏంటంటే, పాత పుస్తకంలోని బ్యాక్‌గ్రౌండ్ తెచ్చుకుంటే అంకెలు మన ఇష్టమొచ్చినచోట వేసుకోవచ్చని ఇదే 2024 పుస్తకంలో ఒక చిన్న పెట్టెలో రాసుంది. అందుకే 2014 పుస్తకం నించి ఫోక్ హీరో తెచ్చుకుని, తెలివి 17 చేసుకుని కూర్చున్నా. మావాడు మొదటి రాత్రే నిద్రమంత్రం వేసి ఇద్దరు గాబ్లిన్లని పడుకోబెట్టాడు. వాడి మంత్రాల పుస్తకం అట్ట మీద బత్తాయి బొమ్మ ఉందని నేనే రాసుకున్నా.