లొట్టి నుండి ఉక్కు పాత్రకు: నీరా, కల్లు నిల్వపై మన బాధ్యత

నాగర్‌కర్నూల్ జిల్లా ఉప్పునుంతల మండలంలో క్షేత్ర సందర్శనకు వెళ్లిన ఒక వేసవి ఉదయం, తాటిచెట్టు దిగివచ్చిన గీత కార్మికుడొకరు నన్నడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి కారణం. "సారూ, పొద్దుగాల దింపిన కల్లు మాపటికి పుల్లగైతది. దీన్ని ఆపే డబ్బా ఏదన్న ఉన్నదా?" వర్షాధార పంటల యాజమాన్యం గురించి ఎన్నో చెప్పగలిగిన నేను ఆ ప్రశ్నకు వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. చెట్టు గురించి, గీత గురించి, బెల్లం గురించి మన పరిశోధనా కేంద్రాలలో కృషి జరిగింది. రసం నిలిచే పాత్ర గురించి మాత్రం మనం తగినంత ఆలోచించలేదు.

సమస్య మూలం సూక్ష్మజీవులలో ఉన్నది. తాటి, ఈత చెట్ల తాజా రసంలో లీటరుకు సుమారు 100 గ్రాముల చక్కెర ఉంటుంది. లొట్టి గోడలను, గాలిని, కీటకాలను ఆశ్రయించిన ఈస్టులు, జైమోమోనాస్, లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా రసం కారుతుండగానే పులియబెట్టడం ఆరంభిస్తాయి. ఆల్కహాలు ఏర్పడిన పిదప ఎసిటిక్ ఆమ్ల బ్యాక్టీరియా దానిని వెనిగర్‌గా మారుస్తాయి. ఈ చివరి దశకు ప్రాణవాయువు తప్పనిసరి. మూతలేని కుండలో లోటా ముంచిన ప్రతిసారీ ఆ ప్రాణవాయువును, కొత్త సూక్ష్మజీవులను మనమే లోపలికి పంపుతున్నాము.

ఇంట బీరు తయారుచేసుకొనుటకు చట్టం అనుమతించే దేశాలలో ఇటువంటి చిక్కుకే ఒక పరిష్కారం వాడుకలో ఉన్నది. అదే కెగ్ అనబడే చిన్న ఉక్కు పాత్ర. శీతల పానీయాల పరిశ్రమ కొరకు రూపొందిన సుమారు 19 లీటర్ల పాత్రలను అమెరికాలోని అభిరుచిదారులు బీరుకు మలచుకొన్నారు. ఇప్పుడు 5 లీటర్ల చిన్న పాత్రలూ లభిస్తున్నవి. ఒక మార్గం గుండా కార్బన్ డయాక్సైడ్ లోపలికి ప్రవేశిస్తుంది. అడుగుదాకా దిగిన గొట్టం గుండా పానీయం బయటకు వస్తుంది. పాత్ర సగం ఖాళీ అయినా ఆ ఖాళీని గాలి కాక కార్బన్ డయాక్సైడే నింపుతుంది. మూతపై ఉన్న కవాటం అధిక పీడనాన్ని విడుదల చేస్తుంది.

అయితే ఈ పాత్రను తెచ్చి, కల్లు నింపి, మూత బిగిస్తే సరిపోతుందా? సరిపోదు. పైగా అది ప్రమాదకరం. బీరును పాత్రలో నింపే వేళకు పులియడం దాదాపు పూర్తవుతుంది. లీటరు బీరులో కరిగి ఉండే కార్బన్ డయాక్సైడ్ సుమారు 5 గ్రాములు మాత్రమే. కల్లు విక్రయ సమయంలోనూ పులుస్తూనే ఉంటుంది. లీటరులోని 100 గ్రాముల చక్కెర పూర్తిగా ఆల్కహాలుగా మారితే వెలువడే కార్బన్ డయాక్సైడ్ సుమారు 50 గ్రాములు, అనగా బీరులో ఉన్నదానికి పది రెట్లు. సాధారణ పీడనం వద్ద దాని ఘనపరిమాణం 28 లీటర్ల దాకా ఉంటుంది. నిండుగా నింపి మూసిన పాత్రలో ఈ వాయువు పదుల అట్మాస్ఫియర్ల పీడనాన్ని కలిగించగలదు. నురుగు, మడ్డి చేరి కవాటం మూసుకుపోతే పరిణామం ఊహించవచ్చును. విద్యార్థి దశలో నీరాను సోడా సీసాలో నింపి బల్లపై ఉంచి మరచిన నాకు, అది పగిలిన చప్పుడు నేటికీ గుర్తున్నది.

కావున పాత్రతోపాటు శీతలీకరణ తప్పనిసరి. కాసరగోడులోని కేంద్రీయ తోట పంటల పరిశోధనా సంస్థ కొబ్బరి రసాన్ని చెట్టుపైననే మంచు నింపిన పెట్టెలో సేకరించే పద్ధతిని రూపొందించి, పులియడాన్ని ఆరంభంలోనే అదుపు చేయవచ్చునని నిరూపించింది. అదే సూత్రంతో తాటి, ఈత రసాలను శుభ్రమైన పాత్రలో చల్లగా సేకరించి, వడకట్టి, ముందుగానే చల్లబరచిన చిన్న ఉక్కు పాత్రలో కొంత ఖాళీ ఉంచి నింపి, మంచుపెట్టెలోనే విక్రయ కేంద్రానికి చేర్చవచ్చును. చల్లదనం పులియడాన్ని మందగింపజేస్తుంది కాని పూర్తిగా ఆపదు. లాక్టిక్ బ్యాక్టీరియాకు గాలి అవసరం లేదు కనుక కొంత పులుపు తప్పదు. పాత్ర కాలాన్ని పొడిగిస్తుంది, అంతే.

ఆ కొద్ది కాలానికి ఉన్న విలువ గ్రహించాలంటే కల్తీ కల్లు చరిత్రను గుర్తు చేసుకోవాలి. క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్ప్రజోలం కలిపిన ద్రావణాలు కల్లు పేర అమ్ముడవుతున్నవి. 2015 సెప్టెంబరులో కల్తీపై దాడులు జరిగినప్పుడు, ఆ మత్తుకు అలవాటుపడినవారు ఉమ్మడి మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల ఆసుపత్రులలో చేరారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు ప్రాణాలనే తీసింది. చెట్లు చాలకపోవడం ఇందుకు ఒక కారణమైతే, అసలు కల్లు దూరప్రయాణం చేయలేకపోవడం మరొక కారణం. కల్తీ చేయదలచినవానిని ఏ పాత్రా ఆపలేదు. కాని నిజాయితీగా అమ్మదలచిన గీత కార్మికునికి, చెట్టు కింద ముద్రవేసిన పాత్రను కొనుగోలుదారుని ఎదుట తెరచే అవకాశం నేడు లేదు. ఆ అవకాశం కల్పించడమే నా ప్రతిపాదన సారాంశం.

మనం మద్యపానాన్ని ప్రోత్సహిస్తున్నామా అని కొందరు సహచరులు ప్రశ్నించవచ్చును. అందుకే మొదటి ప్రయోగం పులియని నీరాతో జరగాలని నా అభిప్రాయం. హైదరాబాదు నెక్లెస్ రోడ్డుపై 2023 మేలో నీరా కేఫ్ ఆరంభమైంది. నగరానికి చేరిన నీరా, అది పుట్టిన మండల కేంద్రంలో ఎందుకు దొరకరాదు? ఖర్చు గురించిన సందేహం మరింత న్యాయమైనది. ఉక్కు పాత్ర, గ్యాసు, మంచు ఒక్క కుటుంబం భరించగలిగినవి కావు. గీత కార్మికుల సహకార సంఘమే యజమానిగా, ఆబ్కారీ శాఖ అనుమతితో వీటిని నిర్వహించాలి.

పాలెంలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం, కృషి విజ్ఞాన కేంద్రం ఉప్పునుంతలకు దూరమేమీ కావు. అక్కడి శాస్త్రవేత్తలు ఒక తాటి కాలం, ఒక ఈత కాలం ఈ పరీక్ష నిర్వహించవచ్చును. లొట్టి, మూతగల సాధారణ పాత్ర, చల్లబరచిన పీడన పాత్ర అను మూడు పద్ధతులలో 0, 6, 12, 24 గంటలకు ఉదజని సూచిక, ఆమ్లత, ఆల్కహాలు, సూక్ష్మజీవుల సంఖ్య, పాత్రలోని పీడనం కొలవాలి. స్నాతకోత్తర విద్యార్థికి ఇది చక్కని పరిశోధనాంశం. పీడనం తగ్గించకుండా మూత తెరవరాదని, కవాటాన్ని ప్రతిసారీ కడగాలని నేర్పే శిక్షణ కూడా ఈ పరీక్షలో భాగం కావాలి. ఫలితం ప్రతికూలమైతే దానినీ అంతే స్పష్టంగా ప్రకటించాలి.

2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పంపిణీ ఆరంభించింది. చెట్టెక్కే మనిషికి రక్షణ లభించడం హర్షణీయం. అతడు ప్రాణాలకు తెగించి దింపిన రసం మాత్రం నేటికీ మాపటికి పుల్లబడుతూనే ఉన్నది. ఉప్పునుంతలలో నన్నడిగిన ప్రశ్నకు సమాధానం విస్తరణ శాస్త్రవేత్తలుగా మనమే వెదకాలి.