అడ్వాన్సు కట్టేముందు బోటు సంగతి అడగండి

పామర్రు, గుడివాడ, బందరు, అవనిగడ్డ ప్రాంతాల నుంచి అండమాన్ బయలుదేరే యాత్రికులకూ, వారిని తీసుకెళ్లే టూర్ నిర్వాహకులకూ విజ్ఞప్తి



సెలవులు దగ్గరపడితే చాలు, టూర్ల ఫ్లెక్సీలు లేస్తాయి. ఒకప్పుడు కాశీ, షిరిడీ. ఇప్పుడు అండమాన్ కూడా చేరింది. పగడాల దిబ్బలు చూపిస్తాం, స్నార్కెలింగ్ ఫ్రీ అంటారు. గదికి ఏసీ ఉందా, పొద్దున్నే ఇడ్లీ దొరుకుతుందా అని పదిసార్లు అడుగుతాం. నడిసముద్రంలో మనల్ని మోసే బోటు గురించి మాత్రం నోరు మెదపం.

పగడాలు చూడాలంటే అంత దూరం వెళ్లక తప్పదు. హంసలదీవి దగ్గర సముద్రం రంగు చూసినవారికి కారణం చెప్పక్కర్లేదు. పగడం రాయి కాదు, ప్రాణి. దాని ఒంట్లో ఉండే సూక్ష్మమైన నాచు ఎండ తగిలితేనే తిండి తయారుచేసి పెడుతుంది. కృష్ణ తెచ్చే ఒండ్రు నీట్లోకి ఎండ దిగదు. ఆ ఒండ్రులో మడ చెట్లు బతుకుతాయి, పగడం బతకదు.

చూడ్డానికి వెళ్లడం తప్పు కాదు. ఎలాంటి బోటెక్కి వెళ్తున్నామన్నదే మా బాధ. 2017 నవంబరు 12, కార్తీక మాసం, ఆదివారం. ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమంలో బోటు బోల్తాపడి ఇరవై మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఒంగోలు వాళ్లు. పర్యాటకుల్ని ఎక్కించుకోవడానికి ఆ బోటుకు అనుమతే లేదు. రెండేళ్లు తిరక్కుండానే 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మరో పర్యాటకుల బోటు మునిగింది. అంతకుముందే, 2014 జనవరి 26న, పోర్ట్ బ్లెయిర్ దగ్గర పర్యాటకుల బోటు మునిగి ఇరవై మందికి పైగా చనిపోయారు. పట్టేదానికంటే ఎక్కువమందిని ఎక్కించారు.

అందుకే మేము కోరేది ఒక్కటి. ప్యాకేజీ కాగితం మీద హోటల్ పేరు పక్కనే బోటు రిజిస్ట్రేషన్ నంబరు, ఎంతమందికి అనుమతి ఉందో ఆ సంఖ్య రాసివ్వాలి. “అక్కడి బోటు మా చేతిలో ఉండదండీ” అంటారు నిర్వాహకులు. హోటల్ మాత్రం వాళ్ల చేతిలో ఉందా? అయినా గదిలో గీజరు ఉందని ముందే రాయించుకొస్తున్నారుగా!

రేవులో చూడాల్సింది లైఫ్ జాకెట్. సీటు కింద కట్టగట్టి పడేసిన జాకెట్లు లెక్కలోకి రావు. తొడుక్కుని, బకిల్స్ అన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమనండి. చెవులదాకా లేచిందంటే అది మీ సైజు కాదు, మార్చమనండి. పిల్లలకు పిల్లల జాకెట్టే కావాలి. ఏటిమొగ నుంచి ఎదురుమొండికి పంటు మీద రోజూ తిరిగేవాళ్లకు నీళ్లంటే భయం ఉండకపోవచ్చు. అలాంటివాళ్లే జాకెట్ ఎందుకంటారు, అదే చిక్కు. అండమాన్‌లో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, చాలాచోట్ల మన భాషలోనే అడగొచ్చు. మొహమాటం వద్దు.

ఇక లంగరు. మన రేవుల్లో లంగరు బురదలో దిగుతుంది, ఎవరికీ నష్టం లేదు. అదే లంగరు పగడాల మీద పడితే? బండలా ఎదిగే రకం పగడం ఏడాదికి సెంటీమీటరుకు అటూ ఇటూగా పెరుగుతుంది. మోకాలెత్తు కావడానికి అర్ధశతాబ్దం. ముందే కట్టి ఉంచిన బోయాకు తాడేసే బోటునే ఎంచుకోండి. ఒకవేళ స్నార్కెలింగ్ చేస్తూ నీళ్లలో అలసిపోతే గైడ్ చేతిలోని రింగు పట్టుకోండి, పగడం మీద మాత్రం నిలబడకండి. ముక్క విరిచి సంచిలో వేసుకునే ఆలోచన అసలే వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి ఏ షెడ్యూల్లో ఉందో ఈ పగడాలూ అందులోనే ఉన్నాయి.

“ఎవరూ వెళ్లని కొత్త దిబ్బ చూపిస్తాం” అనేవాడి మాటకు పడొద్దు. ఎవరూ వెళ్లని చోట బోయా ఉండదు, ఆపద వస్తే ఆదుకునేవాడూ ఉండడు. అండమాన్‌లోని వండూర్ నుంచి అటవీశాఖ పర్మిట్‌తో జాలీ బాయ్ దీవికి వెళ్లండి. ప్లాస్టిక్ సీసాలు తీసుకురానివ్వరని విసుక్కుంటారు కొందరు. ఆ కట్టుబాటు వల్లే అక్కడ చూడ్డానికి ఇంకా ఏమైనా మిగిలింది. జాలీ బాయ్‌నీ, రెడ్ స్కిన్ దీవినీ వంతులవారీగా తెరుస్తారు కాబట్టి, మీరు వెళ్లే నెలలో ఏది తెరిచి ఉంటుందో ముందే కనుక్కోండి. నీళ్లలో దిగలేని పెద్దవాళ్లకు అడుగున అద్దం ఉన్న బోట్లు ఉంటాయి.

ఫ్లెక్సీ మీది రంగులన్నీ కనిపిస్తాయనుకోకండి. సముద్రం వేడెక్కితే పగడం ఒంట్లోని నాచు పోయి అది తెల్లబడుతుంది. 2010లో అండమాన్‌లో అదే జరిగింది. 2024లో ప్రపంచమంతటా మళ్లీ అదే మొదలైందని శాస్త్రజ్ఞులు ప్రకటించారు. కనిపించినంతే చూసి రండి, మిగిలినదాన్ని తొక్కకండి.

ఈ కాగితం చదివాక మీ వీధిలో అండమాన్ వెళ్లేవాళ్ల చేతిలో పెట్టండి. బోటు నంబరు రాసివ్వని టూరుకు అడ్వాన్సు ఇవ్వకండి.