కథలు మనవే సుమా!

చలికాలం వస్తే చాలు, అరకు ప్రయాణం కడతాం కదా చెల్లెమ్మలూ! దారిలో కనబడ్డ గిరిజన స్త్రీల పక్కన నిలబడి ఫొటో దిగుతాం, వచ్చేస్తాం. వాళ్లకీ ఓ కథ ఉంటుందని మనకి తట్టదు.

ఉషాకిరణ్ మూవీస్ వారికి తట్టింది. 1989లో వచ్చిన 'మౌనపోరాటం' గుర్తుందా? ఒడిశాలో ఓ గిరిజన యువతికి నిజంగా జరిగిన అన్యాయమే దానికి ఆధారం. నమ్మినవాడు కాదు పొమ్మంటే, బిడ్డకి తండ్రి పేరు దక్కాలని ఆ పిల్ల పోరాడుతుంది. యమున, వినోద్‌కుమార్ ఇద్దరూ తెలుగుకి కొత్తే. సంగీతం మన గాయని ఎస్.జానకి గారిది!

అసలు ఆ సంస్థ ఎదిగిన తీరే చూడండి. రామోజీరావు గారి తొలి చిత్రం 'శ్రీవారికి ప్రేమలేఖ' (1984) పొత్తూరి విజయలక్ష్మి గారి నవల. మరుసటి ఏడు 'మయూరి'లో, ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న సుధాచంద్రన్ తన కథలో తనే నటించింది. పెద్ద హీరోలు లేకపోతేనేం, మనం చూశాం. 1995 ఆగస్టులో ఈటీవీ మొదలైంది. అప్పట్నుంచి హాలుకి వెళ్లే పనిలేదు, పొయ్యిమీద పప్పు ఉడుకుతుండగానే సీరియల్ చూసేస్తున్నాం. రామోజీరావు గారు 2024లో కన్నుమూశారు.

ఆడవాళ్ల కథలతో ఓ సంస్థ నిలబడిందంటే అందులో మన చలవా ఉంది. మరి ఆ కథలిచ్చిన వాళ్లకి మనమేమిస్తున్నాం? ఈసారి అరకు వెళ్తే, ఫొటో తీసేముందు "తియ్యమంటావా అమ్మా?" అని అడగండి. వద్దంటే మానెయ్యండి. సరేనంటే, ముందు ఆమె పేరు అడగండి.