కీలెరిగి వాత పెట్టాలి: పాత కారు తలుపుల గురించి

మన వాళ్ళ ఇళ్ళలో పాత అంబాసిడరో, ఫియటో ఉంటే ఇంటికొచ్చిన వాళ్ళకు దాని ఇంజన్ గురించి గొప్పగా చెబుతాం. ఒక్క స్టార్టుకే అందుకుంటుందంటాం. తీరా ఎక్కి కూర్చున్నాక, "తలుపు కొంచెం పైకెత్తి వెయ్యండి" అంటాం. ఈ "కొంచెం పైకెత్తి" అన్న మాట ఎన్ని ఏళ్ళుగా అంటున్నామో ఎవరికీ గుర్తుండదు. నా ఉద్దేశంలో పాత కారును మనం నిజంగా కాపాడుతున్నామా, ఊరికే ఉంచుకున్నామా అన్నది ఈ ఒక్క మాటలోనే తేలిపోతుంది.

ముందు పేరు సంగతి. ఆంధ్రలో తలుపుకుండే దాన్ని ఎక్కువగా "బందు" అంటారు. తళవాయిపురం, రాజపాళయం వైపు "కీలు" అంటే చాలు, తమిళం వాళ్ళకూ అర్థమవుతుంది, మనకూ అర్థమవుతుంది. మోకాలికీ అదే మాట, తలుపుకీ అదే మాట. రెండూ అరిగేదీ ఒకే రకంగానే. మన పెద్దవాళ్ళు "కీలెరిగి వాత పెట్టాలి" అనేవారు. కారు తలుపుల విషయంలో మనం చేస్తున్నది సరిగ్గా దానికి తిరగబడిన పని. కీలు చూడకుండా వాత పెట్టేస్తున్నాం.

తలుపు దిగిపోయిందని టింకరు దగ్గరికి తీసుకెళ్తే సాధారణంగా జరిగేవి మూడు. మొదటిది, పిల్లరు మీదున్న లాక్ ప్లేటును కిందికి దించేయడం. తలుపు పడుతుంది గానీ దిగిపోయిన చోటే పడుతుంది. రెండోది, కీలు మధ్యలో చెక్కముక్క పెట్టి తలుపును బలంగా నొక్కి, రేకును వంచి పైకి తేవడం. మూడోది, కీలుకు అక్కడక్కడా వెల్డింగు పెట్టేయడం. ఈ మూడింటిలోనూ తలుపు ఆ రోజుకు బాగానే పడుతుంది. అసలు అరిగిన పిన్ను మాత్రం అరిగినట్టే ఉంటుంది. ఆరు నెలల్లో కథ మళ్ళీ మొదటికొస్తుంది. ఈసారి వంగిన రేకు, పగిలిన పెయింటు, వానకు లోపలికి కారే నీళ్ళు కూడా తోడవుతాయి.

అసలు లెక్క చూడండి. తలుపు బరువంతా రెండు కీళ్ళ మీదే ఉంటుంది. ఆ బరువు పైకీలును పిల్లరు నుంచి బయటికి లాగుతుంది, కింది కీలును పిల్లరులోకి నెడుతుంది. రెండు కీళ్ళ మధ్య దూరం 40 సెంటీమీటర్లు, తలుపు పొడవు 90 సెంటీమీటర్లు అనుకోండి. పైకీలు దగ్గర ఒక్క మిల్లీమీటరు లూజు వస్తే, లాకు ఉన్న అంచు రెండు మిల్లీమీటర్ల పైనే కిందికి దిగుతుంది. అరిగింది పిసరంతే, కనిపించేది రెట్టింపు. అందుకే తప్పు లాకుదేమో అనిపిస్తుంది. డ్రైవరు వైపు తలుపు ముందుగా దిగడానికీ కారణం సులభమే. రోజుకు ఎక్కువసార్లు తెరిచేది అదే, లేచేటప్పుడు చెయ్యి ఆనించేదీ దాని మీదే. మన వైపు ఎండకు నూనె ఆరిపోతుంది. ఆరిన కీలులో దుమ్ము చేరి సానరాయిలా పని చేస్తుంది.

జబ్బు ఎక్కడుందో తెలుసుకోవడానికి మెకానిక్కు అక్కర్లేదు. తలుపును జానెడు తెరిచి, చివర పట్టుకుని పైకీ కిందికీ ఆడించండి. ఇంకొకరు కీళ్ళ వైపు చూడాలి. కీలు రెక్కలు కదలకుండా పిన్ను మాత్రమే ఆడుతుంటే పిన్నూ, కన్నమూ అరిగాయి. కీలు మొత్తంగా పిల్లరు మీద కదులుతుంటే స్క్రూలు వదులయ్యాయి. పిల్లరు రేకే ఊపిరి పీల్చినట్టు లోపలికీ బయటికీ వస్తుంటే లోపల తుప్పు పట్టిందనో, చీలిందనో అర్థం. మూడూ వేర్వేరు జబ్బులు, మందులూ వేర్వేరే. స్క్రూలు బిగిస్తే పోయే దానికి వెల్డింగు పెట్టించడం, తుప్పు పట్టిన దానికి స్క్రూలు బిగించి ఊరుకోవడం, రెండూ డబ్బు దండగ.

పిన్ను అరిగినదైతే అది లేత్ షాపు పని. కీలు విప్పే ముందు దాని చుట్టూ గీత గీసి పెట్టుకోవాలి, తిరిగి అదే చోట కూర్చోబెట్టడానికి. తలుపు కింద జాకీ, జాకీ మీద చెక్క, చెక్క మీద మెత్తని గుడ్డ. రెండు కీళ్ళూ ఒకేసారి విప్పకూడదు. పాత పిన్ను కొట్టి తీశాక చూస్తే కన్నం గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా సాగి ఉంటుంది. అందులో కొత్త పిన్ను అదే సైజుది వేస్తే లూజు పూర్తిగా పోదు. కన్నాన్ని రీమరుతో మళ్ళీ గుండ్రంగా చేసి కాస్త లావు పిన్ను తిప్పించాలి. లేదా కన్నంలో గన్‌మెటల్ బుష్ దిగగొట్టి పాత సైజు పిన్నే వేయాలి. రెక్కలో చోటుంటే నా ఓటు బుష్‌కే. తర్వాత అరిగేది బుష్, కీలు కాదు. మన మనవలు బుష్ మార్చుకుంటారు, కీలు అలాగే ఉంటుంది.

"కొత్త కీలు కొనేస్తే పోదా?" అని అడుగుతారు. రెక్క చీలిపోతేనో, తుప్పు తినేస్తేనో కొనాల్సిందే, కాదనను. కానీ అంబాసిడరు ఉత్పత్తి 2014 మే నెలలో ఆగిపోయింది. పద్మిని అంతకు చాలా ముందే ఆగింది. దొరికిన కీలు సరిపడక, ఇంకో కారు కీలు పెట్టడానికి పిల్లరును కోయడం అన్నిటికన్నా పెద్ద నష్టం. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండిని ఆ కింద రిజిస్టరు చేయించుకోవచ్చు. కానీ అది అసలు రూపంలో ఉండాలి, ఛాసీ, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదు. 1970ల మొదట్లో కొన్న కార్లకు ఇప్పుడు ఆ వయసు వచ్చేసింది. పిల్లరును కోసిన రోజు ఆ దారి మూసుకుపోవచ్చు. ఆ రిజిస్ట్రేషన్ తీసుకుంటే రోజువారీ తిరగడం కుదరదు, అదీ గుర్తుపెట్టుకోవాలి. తిప్పుకోవాలనుకుంటే మామూలు రిజిస్ట్రేషనే 15 ఏళ్ళ తర్వాత అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. ఏ దారి పట్టినా, నడిచే బండి తలుపు దారిలో తెరుచుకోకూడదు. అది పరువు సంగతి కాదు, ప్రాణం సంగతి.

కారు మన గొప్ప కోసం అని కొందరంటారు. నాకు మాత్రం దానికన్నా దాన్ని బాగుచేసే చేతులు ముఖ్యం. తమిళనాడులో స్థిరపడ్డ తెలుగువాళ్ళలో జి.డి. నాయుడు 1920లో పొళ్ళాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టారు. ఆయనను అందరూ తలుచుకునేది బస్సుల లెక్క కోసం కాదు, యంత్రాన్ని విప్పి చూసే ఆసక్తి కోసం. రాజపాళయం మిల్లుల ఊరు. రాజపాళయం మిల్స్ పెట్టింది 1936లో. మిల్లున్న చోట లేతు ఉంటుంది, లేతున్న చోట ఒక చిన్న బుష్‌ను వెంట్రుకవాసి తేడా లేకుండా తిప్పగల మనిషి ఉంటాడు. మనం కీలు పట్టుకుని వెళ్ళకపోతే, ఆయన ఆ పని తన కొడుక్కి నేర్పడు. నేర్పి ఏం లాభం? అందుకే బయటి ఊళ్ళ నుంచి సెలవులకు వచ్చే పిల్లలను కారుతో ఫొటో తీసి పంపడంతో సరిపెట్టకండి. ఆ లేత్ షాపుకు వెంట తీసుకెళ్ళండి. పిన్ను తిప్పుతుంటే నిలబడి చూడనివ్వండి.

ఆయుధ పూజకు మనం కారు కడుగుతాం, పసుపు కుంకుమ పెడతాం, చక్రాల కింద నిమ్మకాయ పెట్టి తొక్కిస్తాం. ఈసారి దానికి ఒక వారం ముందు నాలుగు తలుపులూ జానెడు తెరిచి ఆడించి చూడండి. బాగున్న కీళ్ళకు నాలుగు చుక్కలు ఇంజన్ ఆయిల్ వేసి, రెండు మూడు నెలలకోసారి మళ్ళీ వేస్తూ ఉండండి. ఆడే కీలును వంచనివ్వకండి, వెల్డింగు పెట్టనివ్వకండి. విప్పించి లేత్ షాపుకు పంపండి. పూజ రోజు నాటికి తలుపు ఎత్తకుండానే పడాలి.